ఆరు మిల్లీమీటర్ల సైనికుడికి కళ్లెందుకు?

వార్‌గేమింగ్ అంటే బల్ల మీద సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట. అందులో 28 మి.మీ. ఎత్తు బొమ్మలకు రంగులేసి చెయ్యి తిరిగినవాళ్లు 6 మి.మీ. సైన్యం కొనగానే చేసే మొదటి పని, ముఖంలో కళ్లు దిద్దబోవడం. నేనూ అంతే. నెపోలియన్ కాలపు ఒక్క ఫ్రెంచి పటాలానికి మూడు సాయంత్రాలు పట్టింది. తీరా బల్ల మీద పెట్టి నిలబడి చూస్తే, మసిపట్టిన ముద్దలా ఉంది.

నిజానికి ఈ ఆట మొదలైనప్పుడు ఆటగాడు కుంచె పట్టాల్సిన పనే లేదు. 1893 నుంచి ఇంగ్లండ్‌లో బ్రిటన్స్ కంపెనీ పోతపోసిన 54 మి.మీ. బోలు సీసపు సైనికులు రంగులతోనే పెట్టెలో వచ్చేవారు. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ఆట నియమాలు రాసింది అలాంటి బొమ్మల కోసమే. 1959లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ చవక ప్లాస్టిక్ సైనికులొచ్చారు. మెత్తటి ప్లాస్టిక్ కావడంతో కాస్త వంగితే చాలు, వేసిన రంగు పెచ్చులూడేది.

కళ్ల పిచ్చి ఆ తర్వాతది. 1983లో వార్‌హ్యామర్ అనే ఊహాలోక యుద్ధపు ఆట వచ్చాక 25 మి.మీ. బొమ్మ మెల్లగా 28కి పెరిగింది. తలలు, చేతులు ఉండాల్సినదానికంటే లావెక్కాయి. దీన్నే 'హీరోయిక్' స్కేలు అంటారు. పత్రికలు ఒక్కో బొమ్మనీ దగ్గర్నుంచి ఫొటో తీసి వేసేవి. బటన్లు, బకిల్స్, కనుపాపలు దిద్దితేనే పనితనం అనే లెక్క అలా స్థిరపడింది.

చిన్న స్కేళ్లూ పక్కనే నడిచాయి. 1972లో బొమ్మల తయారీదారు పీటర్ లేయింగ్ 15 మి.మీ. సైనికుల్ని తెచ్చాడు, ఆ దశకంలోనే 6 మి.మీ. కూడా వచ్చింది. 2000లో వార్‌మాస్టర్ అనే ఆట 10 మి.మీ.ను ఎంచుకుంది. ఆశ ఒక్కటే: డైనింగ్ టేబుల్ మీద పెద్ద యుద్ధం పట్టాలి.

చిక్కంతా ఇక్కడే. ఎత్తు 28 నుంచి 6కి తగ్గితే రంగు పడే చోటు సుమారు 22 వంతుల్లో ఒక వంతే మిగులుతుంది. అంత చిన్న మడతల్లో ముదురు రంగులన్నీ కలిసి నల్లగా కనిపిస్తాయి. అందుకే పాతకాపులు అసలు యూనిఫాం కంటే ఒకటి రెండు ఛాయలు లేతగా వేస్తారు. నల్ల ప్రైమర్ (అడుగు పూత) కొట్టి, కోటుకీ బెల్టుకీ మధ్య ఆ నలుపునే సన్నని గీతలా వదిలేస్తారు. ముఖానికి చర్మం రంగు ఒక్క చుక్క, అంతే. ఐస్‌క్రీం పుల్ల మీద పదిమందిని వరసగా అంటించి, ముందు అందరి కోట్లూ, ఆ తర్వాత అందరి ప్యాంట్లూ పూర్తి చేస్తారు. మిగిలిన ఓపికంతా జెండాకీ, బొమ్మలు నిలబడే బేస్ మీది గడ్డికీ. దూరం నుంచి ముందు కంటికి ఆనేవి అవే.

000 లాంటి సున్నాల నంబర్ల అతి సన్నని కుంచెలు కూడా అనవసరం, వాటి మీద రంగు ఇట్టే ఎండిపోతుంది. మొన బాగుంటే 1 నంబరు చాలు. నా పటాలానికి మళ్లీ రంగులేశాను: లేత నీలం కోట్లు, వాటిపై అడ్డంగా తెల్ల బెల్టులు. ఈసారి ఒక్క సాయంత్రంలో అయిపోయింది. చేతిలోకి తీసుకున్న మిత్రుడు మాత్రం "ఇది ఫ్రెంచి నీలం కాదే!" అన్నాడు. బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి చూడమన్నాను.