పెకో బాట: అపోహలు – వాస్తవాలు

శ్రీలంక నడిమి కొండల్లో, క్యాండీ దగ్గరి హంతాన వద్ద మొదలై, హట్టన్, హపుతలే, ఎల్లా మీదుగా చుట్టి నువారా ఎలియా దగ్గర ముగిసే పెకో ట్రయిల్ (పెకో అంటే తేయాకులో ఒక శ్రేణి పేరు) తేయాకు తోటల మధ్య 300 కిలోమీటర్లకు పైగా సాగే నడకబాట. దీన్ని 22 మజిలీలుగా విభజించారు. హైదరాబాద్, విశాఖపట్నం నుంచి వచ్చే చిన్న బృందాలకు తోడుగా నేను ఈ బాటలో నడుస్తుంటాను. ప్రయాణానికి ముందు వారు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిని ఒకచోట రాసి పెట్టడం మంచిదనిపించింది.

అపోహ: ఇది హిమాలయాల ట్రెక్కింగ్ వంటిది, శిక్షణా, ఖరీదైన సామగ్రీ లేనిదే సాధ్యం కాదు.

వాస్తవం: ఈ బాట కోసం కొత్తగా కొండను తవ్వలేదు. ఆంగ్లేయుల కాలంలో తోటల నుంచి ఫ్యాక్టరీలకూ, అక్కడి నుంచి రైలు స్టేషన్లకూ తేయాకును చేరవేసిన బండి దారులనూ గుర్రపు దారులనూ వెతికి, ఒకదానితో ఒకటి కలిపి దీన్ని రూపొందించారు. బరువు మోసే జంతువుల కోసం వేసినవి కనుక చాలాచోట్ల ఎక్కుడు నిదానంగానే ఉంటుంది. నువారా ఎలియా పట్టణం ఎత్తు 1,900 మీటర్ల లోపే. ఎత్తు పడక తలనొప్పీ వాంతులూ రావడం సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాతి మాట. ఇక్కడి అసలు కష్టం ఎండ. తేయాకు పొదను నడుము ఎత్తుకు మించి పెరగనివ్వరు కనుక గంటల తరబడి నీడ దొరకదు. వాన పడితే గడ్డిలో జలగలుంటాయి. పాతబడి కాలికి అమరిన బూట్లు, మోకాళ్ల దాకా మేజోళ్లు, వెడల్పాటి టోపీ, రెండు లీటర్ల నీళ్లు ఉంటే సరిపోతుంది.

అపోహ: జూలై, ఆగస్టు నెలల్లో వానలు కనుక అటు వెళ్లకూడదు.

వాస్తవం: ఈ కొండలకు రెండు రుతుపవనాలు. నైరుతి గాలి మే నుంచి సెప్టెంబరు దాకా హట్టన్, తలవాకెలే ఉన్న పడమటి వాలును తడిపి, శిఖరాలు దాటాక పొడిగాలిగా మారి తూర్పున ఊవా ప్రాంతం వైపు దిగుతుంది. ఆ పొడిగాలి తాకిన ఆకుతోనే ఊవా తేయాకుకు పేరు తెచ్చిన పరిమళం వస్తుంది; హపుతలే, ఎల్లా మజిలీలు నడవడానికీ అదే అనువైన కాలం. రెండోది ఈశాన్య గాలి; అది తూర్పు వాలును తడిపి వచ్చాక, పడమటి వైపు డింబుల ప్రాంతంలో జనవరి నుంచి మార్చి వరకు ఇదే తీరు. మంచి తేయాకు తయారయ్యే నెలలే మంచి నడక నెలలని నేను బృందాలకు చెబుతుంటాను.

అయితే అక్టోబరు, నవంబరు నెలల వానలను తేలికగా తీసుకోకూడదు. 2025 నవంబరు చివర దిత్వా తుఫాను తెచ్చిన వానకు క్యాండీ, బదుళ్ల, నువారా ఎలియా జిల్లాల్లో కొండచరియలు విరిగిపడి ఎన్నో కుటుంబాలు గూడు కోల్పోయాయి. అక్కడి జాతీయ భవన పరిశోధన సంస్థ కొండచరియల హెచ్చరికలు జారీ చేస్తుంది; హెచ్చరిక ఉన్న జిల్లాలో ఆ రోజు నడవకండి, ఎంత డబ్బు ముందుగా కట్టి ఉన్నా సరే.

అపోహ: పచ్చని తేయాకు కొండ అంటే చెక్కుచెదరని ప్రకృతి.

వాస్తవం: ఆ పచ్చదనం మనిషి నాటినది. మొదట కాఫీ కోసం ఇక్కడి అడవిని నరికారు. 1867లో జేమ్స్ టేలర్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు క్యాండీ దగ్గరి లూల్‌కందుర తోటలో 19 ఎకరాల్లో తేయాకు నాటాడు. 1869లో బయటపడిన తుప్పు తెగులు కొన్నేళ్లలో కాఫీ తోటలను నాశనం చేయగా, ఆ నేలంతా తేయాకు పరమైంది. బాటలో రెండో మజిలీ ఆ లూల్‌కందురకే చేరుస్తుంది. మిగిలిన అడవి లోయల్లో, శిఖరాల మీద ముక్కలుగా ఉంది. కింది పల్లెల ఊటలకు ఆధారం అదే. పొదల మధ్య అడ్డంగా తవ్విన కాలువలు వాన నీటిని మళ్లించి మట్టి కొట్టుకుపోకుండా కాపాడతాయి. దగ్గరి దారి కోసం వాటి గట్లు తొక్కితే ఒక్క వానకే అవి తెగిపోతాయి.

అపోహ: సింహళం రాకపోతే మాట్లాడే వీలుండదు.

వాస్తవం: తోటల్లో వినిపించేది ఎక్కువగా తమిళం. చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి కాస్త తమిళం తెలిసిన వారికి ఇక్కడ ఇబ్బందే లేదు. తెలియనివారు కూడా ‘అక్కా’, ‘అన్నా’ అని పిలిస్తే చాలు; అవి తెలుగులోనూ తమిళంలోనూ ఒక్కటే.

అపోహ: మనం వెళ్లి ఖర్చు చేస్తే తోట కూలీల బతుకు దానంతటదే బాగుపడుతుంది.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. ఆకు కోసే ఈ కుటుంబాల పూర్వీకులను 19వ శతాబ్దంలో తమిళనాడు ప్రాంతం నుంచి కంగాణీల (కూలీలను కుదిర్చి తెచ్చే మేస్త్రీల) ద్వారా తీసుకువచ్చారు. 1948 నాటి శ్రీలంక పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశానికీ చెందని వారిగా మార్చింది; రెండు దేశాల ప్రధానులు చేసుకున్న 1964 సిరిమావో–శాస్త్రి ఒప్పందం లక్షల మందిని భారతదేశానికి పంపడానికి అంగీకరించింది; మిగిలిన వారి పౌరసత్వ సమస్య 2003 చట్టంతో గానీ తీరలేదు. రోజు కూలి 2021లో 1,000, 2024లో 1,350 శ్రీలంక రూపాయలుగా నిర్ణయమైంది. చాలామంది ఇప్పటికీ ‘లయం’ అని పిలిచే వరుస గదుల్లో, సొంత నేల లేకుండా ఉన్నారు. సొంత ఇల్లు లేనివారు ఇంట్లో అతిథులకు బస ఎలా నడపగలరు? మీరు దొరల కాలపు బంగ్లాలో దిగి, కొలంబో నుంచి వచ్చిన వ్యానులో తిరిగితే, పక్కనే ఆకు కోసిన మనిషికి అందేది శూన్యం.

డబ్బు చేరాలంటే దారి మనమే చూపాలి. ఎల్లాలో నాలుగు రాత్రులు గడపడానికి బదులు నడిమి మజిలీల ఊళ్లలో బస చేయండి. ఆ మజిలీలో పుట్టి పెరిగిన మార్గదర్శిని పెట్టుకోండి, కూలి నేరుగా అతని చేతిలో పెట్టండి. మధ్యాహ్న భోజనం కావాలంటే ముందురోజు సాయంత్రమే చెప్పండి. తెల్లవారి పనికి వెళ్లే ఇల్లాలికి అప్పటికప్పుడు వండే వీలుండదు.

ఇక ఫొటోలు. చాలా తోటల్లో నిర్ణయించిన కిలోలు కోయకపోతే పూర్తి కూలి రాదు. పది మంది మన బృందం ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు ఆకు కోసే మహిళను ఫొటో కోసం నిలబెడితే ఇరవై నిమిషాల కోత పోతుంది. పిల్లలకు దారిలో చాక్లెట్లు, కలాలు పంచవద్దని కూడా ప్రతి బృందాన్నీ బతిమాలుతాను. అలా పంచిన మజిలీల్లో బడి వేళలో పిల్లలు బాట పక్కన ఎదురుచూస్తూ నిలబడటం నా కళ్లతో చూశాను. ఇవ్వాలనుకుంటే తోట బడి ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి, వారికి ఏది కావాలో అడిగి, దాన్ని బడికే ఇవ్వండి.