ప్రాజెక్టులు వచ్చాయి, ఫీడ్‌బ్యాక్ ఫారం మాత్రం పాతదే

నర్సింగ్, ఫార్మసీ, ప్రజారోగ్యం లాంటి డిగ్రీ కోర్సుల్లో ప్రాజెక్టు ముగిశాక విద్యార్థులు చెప్పే మాటలు చాలాచోట్ల ఒకేలా ఉంటాయి. చదివింది ఎక్కడ పనికొస్తుందో తెలిసిందంటారు. వెంటనే ఫిర్యాదులు మొదలవుతాయి: ఏం చేయాలో సరిగ్గా చెప్పలేదు, గ్రూపులో ఇద్దరు కష్టపడితే మార్కులు అందరికీ పడ్డాయి, పరీక్షల ముందు టెన్షన్ పెరిగింది. వీటిని బద్ధకస్తుల సణుగుడుగా కొట్టిపారేసే అధ్యాపకులూ ఉన్నారు. నా దృష్టిలో తప్పు మనం ఫీడ్‌బ్యాక్ అడిగే తీరులోనే ఉంది. దాని వెనక వందేళ్ల కథ ఉంది.

అమెరికన్ విద్యావేత్త విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతి గురించి రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది బడిపిల్లలు. వైద్య విద్య అప్పటికి వేరే దారిలో ఉంది. అమెరికా, కెనడా వైద్య కళాశాలలను పరిశీలించి రాసిన 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత ముందు ల్యాబ్ శాస్త్రాలు, తర్వాతే రోగులు అన్న వరస స్థిరపడింది. దాన్ని గట్టిగా కదిలించింది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం. 1969లో అక్కడ మొదటి బ్యాచ్ వైద్య విద్యార్థులు చిన్న గ్రూపుల్లో కూర్చుని, రోగి సమస్య నుంచి పాఠంలోకి వెళ్లారు. 1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ అదే బాట పట్టింది. నిజానికి అది సమస్య ఆధారిత బోధన. ప్రాజెక్టు దానికి దగ్గరి చుట్టమే అయినా వారాల తరబడి సాగుతుంది, బయటి మనుషులతో పని పెడుతుంది, చివరికి ఏదో ఒకటి తయారుచేసి చూపించమంటుంది. తలనొప్పులూ ఆ మేరకు ఎక్కువే.

ఫీడ్‌బ్యాక్ ఫారం పుట్టుక వేరు. 1920లలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హెర్మన్ రెమర్స్ అధ్యాపకులకు విద్యార్థులే రేటింగ్ ఇచ్చే స్కేలు తయారుచేశారు. ముందు నిలబడి పాఠం చెప్పే మనిషిని అంచనా వేయడమే దాని పని. ఆ తరహా ఫారాలు తర్వాత ప్రమోషన్ల దాకా వెళ్లాయి. ‘టీచర్ స్పష్టంగా వివరించారా?’ అనే ప్రశ్న అలాగే మిగిలింది. ప్రాజెక్టులో మంచి గైడ్ జవాబు వెంటనే చెప్పడు, వెతకమంటాడు. ఆ ప్రశ్న దగ్గర అతనికి మార్కులు తగ్గితే ఆశ్చర్యమేముంది?

2019లో హార్వర్డ్ పరిశోధకులు ఫిజిక్స్ తరగతుల్లో మరో చిక్కు చూపించారు. చురుగ్గా పాల్గొని నేర్చుకున్నవాళ్లకు పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయి, కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే వాళ్లు అనుకున్నారు. అలాగని విద్యార్థుల మాటను పక్కన పెట్టలేం. గ్రూపులో ఎవరు పని ఎగ్గొట్టారో వాళ్లకే తెలుసు. అందుకే కొన్నిచోట్ల సభ్యులే ఒకరికొకరు మార్కులు వేసుకుంటారు, ప్రాజెక్టు మధ్యలోనే అభిప్రాయం అడుగుతారు. చివర్లో అడిగితే మార్పేదైనా తర్వాతి బ్యాచ్‌కే దక్కుతుంది, ఇబ్బంది పడి చెప్పినవాళ్లకు కాదు.