సమాధికి పట్టా ఉండదు: శ్మశాన భూములపై అపోహలు - వాస్తవాలు

జిల్లా కోర్టులో సివిల్ ప్రాక్టీసు నాది. నా దగ్గరకు వచ్చే భూతగాదాల్లో ఏటా నాలుగైదు శ్మశానాలవి ఉంటాయి. గట్టు తగాదాకు వచ్చేవాళ్లు గట్టు జరిపిన మర్నాడే వస్తారు. శ్మశానం కోసం వచ్చేవాళ్లు మాత్రం పునాది తవ్వి, ఎముకలు బయటపడ్డాక వస్తారు. అప్పటికి కాగితం మీద ఆ స్థలం పోయి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. వాళ్లు చెప్పే మాటలు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటిలో నిజమెంతో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "మా తాతముత్తాతల సమాధులు ఉన్నాయి కాబట్టి ఆ స్థలం మాదే."

సొంత పొలంలో ఓ మూల సమాధి ఉంటే ఆ భూమి పట్టా వల్ల మీది, సమాధి వల్ల కాదు. ఊరి శ్మశానమైతే అది పోరంబోకు, అంటే ఊరి వాడకానికి వదిలిన ప్రభుత్వ భూమి. ఎన్ని తరాల వాళ్లను పాతిపెట్టినా అక్కడ మీ కుటుంబానికి విడిగా యాజమాన్యం రాదు. "ముప్పై ఏళ్లు అనుభవంలో ఉంటే ప్రభుత్వ భూమి మనదైపోతుందట కదా" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రభుత్వం వేసే దావాకు 30 ఏళ్ల గడువు పెట్టిన మాట నిజమే. కానీ ప్రతికూల స్వాధీనం నిరూపించాలంటే అసలు యజమానిని కాదని, బహిరంగంగా, ఎడతెగకుండా భూమిని పట్టుకుని ఉండాలి. ఏడాదికోసారి పెద్దల అమావాస్యకు వెళ్లి దీపం పెట్టి రావడం దాని కిందకు రాదు. పైగా ఆ వాదన ఎత్తుకుంటే ఊరి ఉమ్మడి స్థలాన్ని ఆక్రమించామని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు. ఊరందరి హక్కుగా అడిగితే నిలబడే కేసును నా హక్కని అడిగి చెడగొట్టుకున్నవాళ్లను చూశాను.

అపోహ: "అడంగల్‌లో శ్మశానం అని ఉంది, ఇంక భయం లేదు. పైగా ప్రహరీ కూడా కట్టారు."

అడంగల్, పహాణీ అంటే ఏ భూమి ఎవరి అనుభవంలో ఉందో ఏటా రాసే గ్రామ లెక్కలు. ఏటా రాసేది ఏటా మారగలదు. గట్టి ఆధారం వాటికి ముందు తరం రికార్డు. ఆంధ్ర ప్రాంతంలో అది ఆర్.ఎస్.ఆర్. (రీ-సెటిల్‌మెంట్ రిజిస్టరు), దానికి జతగా ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే సర్వే కొలతల పుస్తకం) పటం. ఆర్.ఎస్.ఆర్.లో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు దాటాక చివరన రిమార్కుల గడి ఉంటుంది. "శ్మశానం", "రస్తా", "వాగు" అని ఒక్క మాట రాసి ఉండేది అక్కడే. తెలంగాణలో అయితే సేత్వార్ (అక్కడి పాత సర్వే సెటిల్‌మెంట్ రికార్డు), ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి. పాత సేత్వార్ ఉర్దూలో ఉంటుంది, చదివేవాళ్లను ముందే వెతుక్కోండి.

గోడ సంగతి ఒక కేసుతో చెబుతాను. కిందటేడు ఓ పెద్దాయన ప్లాస్టిక్ కవరులో కాగితాలు చుట్టుకుని వచ్చారు. ఎఫ్.ఎం.బి. జిరాక్సును బల్ల మీద పరిచి తూర్పు మూల వేలు పెట్టారు. "లాయరు గారూ, మా అమ్మ ఇక్కడుంది. ఇక్కడ చెత్త షెడ్డు కడతారట."

పటం మీద కొలతలు లింకుల్లో ఉన్నాయి. నూరు లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. ఆ శ్మశానం పడమర నుంచి తూర్పుకు 400 లింకులు, ఉత్తర దక్షిణాలు 280 లింకులు. లెక్క వేస్తే ఎకరా 12 సెంట్లు. కొన్నేళ్ల కిందట ప్రహరీకి నిధులు వచ్చాయి, సగంలో అయిపోయాయి. 264 అడుగులు సాగాల్సిన గోడను 165 అడుగుల దగ్గర మలుపు తిప్పి మూసేశారు. లోపల మిగిలింది 70 సెంట్లు. ఆ తర్వాత రీసర్వే వచ్చింది. కొలిచినవాళ్లు గోడనే హద్దుగా తీసుకున్నారు. కొత్త ల్యాండ్ పార్సెల్ మ్యాపులో గోడ లోపలిది శ్మశానం, బయటి 42 సెంట్లు ఊరికే "ప్రభుత్వ భూమి". అక్కడ ఎవరూ ఏదీ ఆక్రమించలేదు. ఏ దురుద్దేశమూ అక్కర్లేకుండానే పెద్దాయన తల్లి సమాధి శ్మశానం బయటకు వెళ్లిపోయింది. షెడ్డుకు స్థలం వెతికేవాళ్లకు రికార్డులో ఖాళీ భూమి కనబడింది, అంతే.

ఆర్.ఎస్.ఆర్. ధ్రువీకృత నకలు జతచేసి తిరిగి కొలవాలని దరఖాస్తు పెట్టించాను. సర్వేయరు వచ్చిన రోజు మధ్యాహ్నానికి తూర్పు మూల హద్దు రాయి తుమ్మపొద కింద, సగం మట్టిలో కూరుకుపోయి దొరికింది. గోడకు అటువైపు, సరిగ్గా 99 అడుగుల దూరంలో. షెడ్డు వేరేచోటికి మారింది. రికార్డు సవరణ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

కాబట్టి కొలిపించకుండా గోడ కట్టకండి. తక్కువ స్థలంలో కట్టిన గోడ మిగతాదాన్ని మీరే వదిలేసుకున్నారనడానికి సాక్ష్యంగా నిలుస్తుంది.

దళితవాడల శ్మశానాల పరిస్థితి ఇంకా కష్టం. చాలా ఊళ్లలో వాటికి విడిగా సర్వే నంబరే ఉండదు. వాగు ఒడ్డునో చెరువు శిఖంలోనో (చెరువు మునక భూమిలోనో) తరాలుగా పాతిపెడుతూ ఉంటారు, రికార్డులో మాత్రం అది వాగు పోరంబోకు. ఊరి పెద్ద శ్మశానానికి షెడ్డు, నీళ్లు, దారి ఉంటాయి. దీనికి పేరు కూడా ఉండదు. అలాంటిచోట సబ్ డివిజన్ చేసి శ్మశానంగా నమోదు చేయమని అడగడమే మొదటి పని. మిగతావన్నీ ఆ తర్వాతే.

అపోహ: "సమాధులున్న భూమిని ప్రభుత్వం సేకరించడానికి వీల్లేదు."

వీలుంది. 2013 నాటి భూసేకరణ చట్టం శ్మశానాలకు మినహాయింపు ఇవ్వలేదు. కానీ ఆ చట్టంలో శ్మశానాల ప్రస్తావన రెండుచోట్ల ఉంది, అది చాలామందికి తెలియదు. సామాజిక ప్రభావ అంచనాలో పరిశీలించాల్సిన వాటిలో బడులు, గుళ్లు, తాగునీటి వనరులతో పాటు ఖనన, దహన స్థలాలను కూడా 4వ సెక్షన్ పేర్కొంది. పునరావాస గ్రామంలో అక్కడి కులాలు, మతాల ఆచారాన్ని బట్టి శ్మశానం ఇవ్వాలని మూడో షెడ్యూలు చెబుతుంది. అయితే తెలుగు రాష్ట్రాలు రెండూ తర్వాత ఈ చట్టానికి సవరణలు తెచ్చాయి. కొన్ని రకాల ప్రాజెక్టులను ప్రభావ అంచనా నుంచి తప్పించే అధికారం వాటితో వచ్చింది. మీ ప్రాజెక్టు ఏ దారిలో వస్తోందో మొదట తెలుసుకోండి.

గడువులు గుర్తుంచుకోండి. 2013 చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరానికి 60 రోజులు. జాతీయ రహదారి అయితే 1956 నాటి చట్టం కింద 21 రోజులే. మూడు వారాలంటే ఊళ్లో ఒక పెళ్లి, ఒక జాతర అయ్యేసరికి అయిపోతాయి.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఊరి శ్మశానం పోరంబోకు గనుక చాలాసార్లు అసలు భూసేకరణే జరగదు. ప్రభుత్వ భూమిని ఒక శాఖ నుంచి మరో శాఖకు బదలాయిస్తారు. పట్టాదారు లేడు, పరిహారం లేదు, ఇంటికొచ్చే నోటీసూ లేదు. తహశీల్దారు ప్రతిపాదన పైకి వెళ్లే దశలోనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఫైలు ఎక్కడుందో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. వస్తుందని కాదు, రాకపోతే అప్పీలుకు దారి ఉంటుందని.

సొంత పొలంలోని సమాధుల విషయానికొస్తే, భూమితో పాటు దాని మీది కట్టడానికీ విలువ కట్టాలి. ఇటుక, సిమెంటు సమాధిని ఇంజనీరు లెక్కలోకి తీసుకుంటాడు. మట్టి దిబ్బను ఎవరూ రాయరు. అధికారులు జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన రోజు పొలంలోనే ఉండి పంచనామాలో దాన్ని రాయించాలి. అస్థికలు తీసి మరోచోట చేర్చడానికి గడువు, ఖర్చు అప్పుడే కాగితం మీద అడగాలి. అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) వచ్చాక అడిగితే వినే చెవి ఉండదు.

అపోహ: "ప్రభుత్వ భూమే కదా, పంచాయతీ తీర్మానం చేస్తే ఏదైనా కట్టుకోవచ్చు."

సర్పంచులు ఈ మాట నిజంగానే నమ్ముతారు. శ్మశాన పోరంబోకు ఊరి వాడకానికి ప్రత్యేకించిన భూమి. దాని వర్గీకరణ మార్చడం రెవెన్యూ పని, దానికో పద్ధతి ఉంది. పంచాయతీ తీర్మానం అందులో ఒక కాగితం మాత్రమే. గ్రామ ఉమ్మడి భూముల విషయంలో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ మా చేతిలో పెద్ద ఆయుధం. అది పంజాబులోని పటియాలా జిల్లాలో ఒక ఊరి చెరువు మీద వచ్చిన కేసు. ఆక్రమణలు తొలగించడానికి అన్ని రాష్ట్రాలూ పథకాలు తయారుచేయాలని అందులో చెప్పారు. ఆ తీర్పు చివర ఒక వాక్యం ఉంది, దాన్ని అవతలి లాయరు తప్పకుండా చదువుతాడు: అప్పటికే అక్కడ బడో, ఆస్పత్రో, మరేదైనా ప్రజావసర కట్టడమో ఉంటే అరుదుగా క్రమబద్ధీకరించవచ్చని. అందుకే శంకుస్థాపనకు ముందు పెట్టిన అర్జీకీ, శ్లాబు పడ్డాక పెట్టిన అర్జీకీ బరువులో చాలా తేడా ఉంటుంది.

అపోహ: "ఖబరస్తాన్‌లో ఇరవై ఏళ్లుగా ఎవరినీ పాతిపెట్టలేదు, అది పాడుబడ్డ భూమి."

వాడనంత మాత్రాన పోదు. సార్వజనిక ఖబరస్తాన్ అని ఒకసారి తేలితే, వాడుక ఆగినా అది ఖబరస్తాన్‌గానే ఉంటుందని 1976లో లబ్బై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ సార్వజనికమని నిరూపించాలంటే ఒక కుటుంబం సమాధులు నాలుగు చూపితే సరిపోదు. బయటివాళ్లను కూడా ఏళ్ల తరబడి, ఎవరి అనుమతీ అడగకుండా పాతిపెట్టారని చూపాలి. 2025లో వక్ఫ్ (ముస్లింల ధార్మిక ఆస్తుల) చట్టాన్ని సవరించిన తర్వాత నమోదు విలువ బాగా పెరిగింది. వాడుక వల్ల ఏర్పడిన వక్ఫ్ విషయంలో చట్టం ఇప్పుడు ప్రధానంగా చూసేది ముందే నమోదైందా, వివాదంలో ఉందా, ప్రభుత్వ భూమా అన్నదే.

అపోహ: "సమాధికి వందేళ్లు దాటాయి, పురావస్తు శాఖ చూసుకుంటుంది."

వందేళ్ల వయసు రక్షిత కట్టడంగా ప్రకటించడానికి అర్హత. ప్రకటించే దాకా ఏ రక్షణా లేదు. మచిలీపట్నం డచ్చి సమాధులు ప్రకటిత జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటి చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం వర్తిస్తుంది. మీ ఊరి మర్రిచెట్టు కింద మీ ముత్తవ్వ సమాధికి అది రాదు.

అపోహ: "సమాధి తవ్వితే క్రిమినల్ కేసు పెట్టి ఆపేయవచ్చు."

భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 297. శిక్ష ఏడాది వరకు. కానీ మనోభావాలు గాయపరచాలన్న ఉద్దేశమో, అవి గాయపడతాయన్న తెలివిడో చూపాలి. పై అధికారి ఉత్తర్వు చేతిలో పట్టుకుని తవ్వించిన కాంట్రాక్టరు మీద అది నిలబడటం కష్టం. కేసు పెట్టండి, దాని మీదే ఆధారపడకండి.

అపోహ: "కోర్టుకు వెళ్తే వెంటనే స్టే వస్తుంది."

ప్రభుత్వం మీద సివిల్ దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో ఆ నోటీసు లేకుండా వేయవచ్చు, ఆ అత్యవసరాన్ని ఫొటోలతో చూపాలి. ఒక్కరి పేరున వేయకండి. ఊరి తరఫున ప్రాతినిధ్య దావాగా, అదే కోడ్‌లోని ఆర్డరు 1 రూలు 8 కింద అనుమతి తీసుకుని వేయాలి. ఒక్కరే వేసిన కేసులో ఆ ఒక్కరూ రాజీ పడితే కథ ముగుస్తుంది. హైకోర్టులో రిట్ వేగంగా కదులుతుంది కానీ హద్దు ఎక్కడన్న ప్రశ్న వచ్చిందా, సివిల్ కోర్టుకు పొమ్మంటారు.

అపోహ: "మరణ ధ్రువపత్రాలు ఉన్నాయి, ఎవరెవరు అక్కడ ఉన్నారో రుజువవుతుంది."

మరణ ధ్రువపత్రంలో ఎక్కడ చనిపోయారో ఉంటుంది, ఎక్కడ పాతిపెట్టారో ఉండదు. చర్చిల్లో ఖననాల రిజిస్టరు రాసే అలవాటు ఉండడం వల్ల క్రైస్తవ సమాధుల కేసుల్లో మాకు పని సులువవుతుంది. మిగతా ఊళ్లలో ఎవరూ ఏమీ రాయరు. చెత్త షెడ్డు ఊరి పెద్దాయన ఇప్పుడు మనవరాలి చేత ఒక నోటుబుక్కులో రాయిస్తున్నారు: పేరు, పోయిన ఏడు, హద్దు రాయి నుంచి ఎన్ని అడుగులు, పక్కన ఎవరు. మొదటి వరుసలో వాళ్లమ్మ. ప్రతి పేజీ అడుగున ఇద్దరు సాక్షుల సంతకాలకు చోటు వదలమన్నాను. ఎనభై దాటినవాళ్లు ఊళ్లో ముగ్గురే ఉన్నారు, వాళ్ల సంతకాలు ముందు పెట్టిస్తున్నారు.