రంగం రేవులో నాలుగణాలు

‘మార్వాడీ గో బ్యాక్’ అన్న మాట మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. 2025 ఆగస్టులో సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర బండి పార్కింగ్ మీద తగువు రేగి, ఒక దళిత యువకుణ్ణి కొట్టారన్న ఆరోపణతో మొదలైన నినాదం ఇది. ఆ నెల 22న ఉస్మానియా విద్యార్థుల జేఏసీ తెలంగాణ బంద్‌కు పిలుపు ఇచ్చేదాకా వెళ్లింది. అప్పట్లో గోదావరి జిల్లాల్లో చాలామంది దాన్ని అక్కడి గొడవగానే చూశారు. ఇప్పుడు అదే మాట మన పట్నాల టీ కొట్ల దగ్గర కూడా వినబడుతోంది కాబట్టి, దీని వెనక సంగతి కొంత చెప్పుకోవాలి.

రాజమండ్రి తాడితోటలోనో, భీమవరం, తణుకు, పాలకొల్లు మెయిన్ రోడ్లలోనో కాసేపు నిలబడి అడిగితే బాధలు బయటికొస్తాయి. బంగారం పని చేసే విశ్వబ్రాహ్మణులు తమ కుంపటి చల్లారిపోయిందంటారు. ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ సామాను అమ్మే స్థానిక వర్తకులు, సేట్లంతా కలిసి సరుకు ఒక్కసారే తెప్పించుకుని ధర తగ్గించి అమ్ముతారని, బిల్లులు సరిగా ఇవ్వరని అంటారు. కొట్లో కుర్రాళ్లని కూడా సొంత ఊళ్ల నుంచే తెచ్చుకుంటారు, మన పిల్లలకి గుమస్తా పనైనా దొరకదు అన్నది అందరూ చెప్పే మాట. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, దాంతో మనకి పనుంది.

మార్వాడీలు ఈ పట్నాలకి ఎప్పుడొచ్చారు, రైలు పడ్డాక ఎలా పెరిగారు అన్నది చాలాసార్లు రాసిందే. కాటన్ ఆనకట్ట గురించీ, దాని వెనక వచ్చిన వరి డబ్బు గురించీ బడిలోనే చదువుకున్నాం. వాటి జోలికి పోను. నా లెక్కలో ఈ తగువు అర్థం కావాలంటే చూడవలసింది 1930 మే 26. ఊరు బర్మాలోని రంగూన్. ఆ రోజు అక్కడ బయటివాళ్లం మనమే.

మన పెద్దలు దాన్ని రంగం అనేవారు. కాకినాడలో నావ ఎక్కి, దూరంగా లంగరేసిన ఓడ దాకా వెళ్లి, డెక్కు మీద కూర్చుని బంగాళాఖాతం దాటేవారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఏటా వేలమంది అలా పోయారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేశారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో 4 లక్షల మంది ఉంటే సగానికి పైగా భారతీయులే. ఒక దేశపు ముఖ్య పట్టణంలో ఆ దేశస్థులే తక్కువమంది.

కాకినాడ పక్కనున్న కోరంగి రేవు 1839 తుపాను దెబ్బ తర్వాత మళ్లీ కోలుకోలేదు. దాని పేరు మాత్రం బర్మాలో బతికింది. గంజాం మనిషైనా, నరసాపురం మనిషైనా, తెలుగు కూలీ ఎవరైనా అక్కడివాళ్లకి ‘కోరంగి’యే. రాజస్థాన్ నుంచి వచ్చినా గుజరాత్ నుంచి వచ్చినా మనకి అందరూ ‘సేటు’ అయినట్టు.

రేవు పని మేస్త్రీల చేతుల్లో ఉండేది. ఓడ చార్జీకి మేస్త్రీ అప్పిస్తాడు, ఆ అప్పు తీరేదాకా కూలీ అతని ముఠాలో ఉంటాడు. ముఠాలోకి మేస్త్రీ తన ఊరివాళ్లనీ, తన వాళ్లు చెప్పినవాళ్లనీ తప్ప ఇంకెవర్నీ చేర్చుకోడు. ఊరుగాని ఊళ్లో నమ్మకం అలాగే కుదురుతుంది కాబట్టి మనకది సహజంగానే కనిపించింది. బర్మా కుర్రాడికి మాత్రం అది మూసిన తలుపు.

1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టారు. రోజుకి రూపాయి ఎనిమిదణాల కూలి వస్తోంది, రెండు రూపాయలు చెయ్యమన్నారు. ఆ నెల 5న పెగూ భూకంపం వందలమందిని పొట్టన పెట్టుకుంది. అదే రోజు గాంధీని అరెస్టు చేశారు. ఊరంతా ఉడికిపోతున్న సమయం. ఓడ సరుకు ఎత్తి దించే గుత్త కంపెనీలు సమ్మె విరగ్గొట్టడానికి బర్మా కూలీలని పనిలో పెట్టుకున్నాయి. అప్పటికే ధాన్యం ధర పడిపోతోంది. పల్లెల్లో పని లేక పట్నం చేరిన ఆ కుర్రాళ్లకి రేవులో పని దొరకడమంటే అంతకుముందు ఊహకైనా రానిది.

తర్వాత కంపెనీలు తెలుగువాళ్లతో రాజీపడ్డాయి. కూలి రూపాయి పన్నెండణాలు అయింది. నాలుగణాలు పెరిగింది. మే 26 పొద్దున్న మనవాళ్లు మళ్లీ పనిలోకి వచ్చారు. అదే పొద్దున్న బర్మా కూలీలు కూడా వచ్చారు, రోజూ వచ్చినట్టే. మీతో ఇక పనిలేదు, పొమ్మన్నారు. మనవాళ్లలో కొందరు వెక్కిరించారంటారు. కావచ్చు, పస్తులుండి గెలిచినవాళ్లు కదా. మాటా మాటా పెరిగింది, కత్తులు లేచాయి. కొద్దిసేపట్లో రేవు దాటి వీధుల్లోకి పాకింది. కోరంగివాళ్లని బసల నుంచి లాగి నరికారు, కొందరిని నదిలోకి తోశారు. అధికారుల లెక్కలోనే చనిపోయినవారు వందకు పైన, గాయపడినవారు వందల్లో. ఎక్కువమంది తెలుగు కూలీలే.

చరిత్రలో దీన్ని జాతుల మధ్య అల్లర్లు అని రాశారు. జరిగింది అదే, కాదనను. కానీ రెండు వైపులవాళ్లనీ ఒకే రేవులోకి, ఒకే పొద్దున్న రప్పించింది ఎవరు? సమ్మె విరగ్గొట్టడానికి ఒకరిని, సమ్మె తీరాక మరొకరిని పిలిచింది ఒకే యజమానులు. ముందు రోజు రాత్రే బర్మా కూలీలకి కబురు చేసి, చేసిన పనికి ఇంకో రెండు రోజుల కూలి కలిపి పంపినా ఆ నెత్తురు కారేది కాదేమో. కొట్లాటలో ఆ యజమానుల్లో ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు.

బర్మావాళ్ల వైపు మాట కూడా న్యాయంగా చెప్పాలి. తమ సొంత రేవులో తమకి చోటు లేదన్నది అబద్ధం కాదు. ఆ గొడవ తర్వాతే రేవు పనిలో బర్మీయులకి వాటా ఇవ్వక తప్పలేదు. పల్లెల్లో దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. ధాన్యం ధర కుప్పకూలాక అప్పు తీర్చలేని రైతుల భూములు తమిళదేశపు చెట్టియార్ల చేతుల్లోకి పోయాయి. దిగువ బర్మాలో వరి పండే 13 ప్రధాన జిల్లాల్లో 1930లో నూటికి 6 వంతుల సాగుభూమి వాళ్లదైతే, 1938 నాటికి 25 వంతులు అయింది. చెట్టియార్లు భూమి కోరి వెళ్లినవాళ్లు కారు, వాళ్లకి కావలసింది వడ్డీ. ధర పడగొట్టింది ప్రపంచ మాంద్యం. కానీ రైతు కళ్లకి మాంద్యం కనపడదు, దస్తావేజు మీద వేలిముద్ర వేయించుకున్న మనిషి కనపడతాడు. 1938 జులైలో మళ్లీ అల్లర్లు చెలరేగినప్పుడు దెబ్బ తిన్నవాళ్లు ముఖ్యంగా ముస్లిం దుకాణదారులు. వాళ్లకీ చెట్టియార్ల భూములకీ సంబంధమే లేదు.

ఇక్కడ మన వైపు తిరుగుదాం. కంసాలి కుంపటి ఆరింది అన్నది పచ్చి నిజం. ఎప్పుడు ఆరడం మొదలైందో చూస్తే మాత్రం సేటు కొట్టు దగ్గర కాదు. చైనా యుద్ధం ముగిసీ ముగియగానే 1963 జనవరిలో కేంద్రం బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చింది. మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రి. 14 క్యారట్లకు మించిన కొత్త నగ చెయ్యకూడదన్నారు. పెళ్లికి పుస్తెలు చేసే మనిషిని 14 క్యారట్లతో చెయ్యమంటే అతని చేతులు కట్టేసినట్టే. దేశమంతా స్వర్ణకారులు రోడ్డున పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. నిబంధనలు తర్వాత సడలినా 1968లో చట్టమే వచ్చింది, అది 1990 దాకా రద్దు కాలేదు. ఒక తరం పిల్లలు ఊదుగొట్టం పట్టకుండానే పెద్దవాళ్లయ్యారు. రద్దయ్యేసరికి ముంబై, కోయంబత్తూరు నుంచి అచ్చుల్లో పోసిన నగలు వచ్చేశాయి. ఇప్పుడు పెళ్లి బంగారం కొనే కుటుంబాలు పెద్ద షోరూములకి పోతున్నాయి. వాటిలో కేరళ కంపెనీలున్నాయి, తమిళనాడువి ఉన్నాయి, మన తెలుగువాళ్లవీ ఉన్నాయి. ‘గో బ్యాక్’ అన్నవాళ్లు వాటి అద్దాల తలుపుల ముందుకి పోవడం నేను చూడలేదు.

2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసేవారికి మినహాయింపు ఉంది. ఉన్నా ముద్ర లేని నగని కొనేవాళ్లు ఇప్పుడు అనుమానంగా చూస్తారు. విశ్వబ్రాహ్మణ కుటుంబాలు అడగవలసినవి అసలు ఇక్కడ ఉన్నాయి. చిన్న పనివాళ్లంతా కలిసి వాడుకునే పరీక్షా కేంద్రం, పనిముట్లకి అప్పు, చేతిపని నగకి వేరే గుర్తింపు. నినాదం ఎంత గట్టిగా వినబడితే ఈ మూడూ అంత వెనక్కి పోతున్నాయి.

తాకట్టు కొట్టు సంగతి వేరు. డెల్టాలో చేను ఒకరిది, సాగు ఇంకొకరిది. నాట్లప్పుడు ఎకరానికి కావలసిన మదుపు కౌలు రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? 2011లో కౌలుదారులకి రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని బదులు వచ్చిన చట్టంలో కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని భయం. సంతకం లేదు, కార్డు లేదు, బ్యాంకు అప్పు లేదు. ఇంట్లో ఆడవాళ్ల నానుతాడు సేటు కొట్టుకి పోతుంది. సార్వా నాట్లకి పోయి, మాసూళ్లయ్యాక వస్తుంది. పంట పోతే రాదు. కోనసీమ రైతులు 2011లో పంట విరామం ప్రకటించారంటే సాగు ఎంత గిట్టని పనైపోయిందో చూడండి. వడ్డీ ఎక్కువ తీసుకునేవాళ్లు లేరని కాదు. దానికి తాకట్టు వ్యాపారుల చట్టం ఉంది, లైసెన్సు ఉంది, రశీదు ఇవ్వాలన్న నియమం ఉంది. తనిఖీకి వెళ్లే అధికారి ఉంటే చాలు. సేటు వెళ్లిపోతే ఆ నానుతాడు పోయేది మన ఊరి వడ్డీ వ్యాపారి ఇంటికి. అతను రశీదు కూడా ఇవ్వడు.

సేట్లు చెప్పుకునేది కూడా వినాలి, ఎందుకంటే ఈ గొడవలో వాళ్లని అడుగుతున్నవాళ్లు తక్కువ. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు. తాత వచ్చాడు, తండ్రి కొట్టు పెద్దది చేశాడు, తను ఇక్కడి బడిలో తెలుగు రాయడం నేర్చుకున్నాడు. ‘ఏమండీ’ అనే పలుకులో గోదావరి యాసే వినిపిస్తుంది. భీమవరం పక్కన పెదఅమిరం జైన మందిరానికి పోయినవాళ్లకి తెలుసు, ఈ నేల మీద జైనుల ఆనవాళ్లు నిన్న మొన్నటివి కావు. మూడు తరాలున్నాక కూడా మాది ఏ ఊరో చెప్పాలా అని వాళ్లు అడుగుతారు. దేశంలో ఎక్కడైనా ఉండవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు అని రాజ్యాంగం 19వ అధికరణం చెప్పిన మాట తమకి కూడా వర్తిస్తుంది కదా అంటారు. కొట్లో సొంత ఊరి కుర్రాళ్లని ఎందుకు పెడతారంటే, బంగారం ఉన్న చోట తెలిసినవాడు కావాలంటారు. రంగంలో మన మేస్త్రీ చెప్పుకున్న కారణమూ అదే. అప్పుడు బర్మా కుర్రాడికి అది నచ్చలేదు, ఇప్పుడు మన కుర్రాడికి నచ్చదు. నచ్చకపోవడంలో తప్పు లేదు. స్థానికులకి ఇన్ని ఉద్యోగాలని వర్తకుల చాంబర్ పెద్దలు కూర్చుని మాట్లాడుకోదగ్గ విషయమే ఇది. సేట్లు కూడా ఒక మెట్టు దిగవలసింది ఇక్కడే.

బర్మాలో ఇలా కూర్చుని మాట్లాడుకోవడం జరగలేదు. 1937 ఏప్రిల్‌లో బర్మాని భారతదేశం నుంచి విడదీశారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచివచ్చారు, దారిలో పోయినవారు వేలల్లో. మిగిలినవాళ్లూ, యుద్ధం తర్వాత తిరిగి వెళ్లినవాళ్లూ మళ్లీ కొట్లు తెరిచారు. 1964 మార్చిలో నీ విన్ సైనిక ప్రభుత్వం ఆ కొట్లన్నీ జాతీయం చేసింది. యజమాని పేరున్న బోర్డు తీసేసి ‘ప్రజా దుకాణం’ అని నంబరు వేశారు. తర్వాత ఆ దుకాణాల ముందు సరుకు కోసం వరసల్లో నిలబడ్డవాళ్లు బర్మా జనమే. సరుకు దొంగ బజారులోకి పోయింది.

కొట్లు పోగొట్టుకున్నవాళ్లు ఓడల్లో వచ్చారు. నగా నట్రా చాలామటుకు అక్కడి రేవులోనే వదిలేశారు. ఇక్కడి ప్రభుత్వం కొందరికి చిన్న వ్యాపార రుణాలిచ్చింది, కొందరికి స్థలాలిచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. ఓడ దిగినవాళ్లు తెలుగే మాట్లాడారు, తాతల ఊళ్ల పేర్లూ చెప్పారు. అయినా అక్కడ కోరంగివాళ్లైనవాళ్లని ఇక్కడ ఇరుగుపొరుగు బర్మావాళ్లనే పిలిచారు.