"ల్యాబ్ రిపోర్టు ఉంది మేడమ్, ఇంక కేసేంటి?" – ఉత్పత్తులపై వార్తలు, పరువునష్టం దావాలు: అపోహలు, వాస్తవాలు

పత్రికలు, చానళ్లు, యూట్యూబ్ వాళ్ల తరఫున పరువునష్టం కేసులు వాదించడం నా పని. అవతలి పక్షం చాలాసార్లు ఏదో ఒక తయారీ కంపెనీ: కారప్పొడి, నూనె, మందులు, ప్రోటీన్ పొడి. నోటీసు పట్టుకుని వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది ఒకే మాటతో కూర్చుంటారు: "మేం రాసింది నిజం మేడమ్, ల్యాబ్ రిపోర్టు కూడా ఉంది." ఇంతమందిని ఇన్నిసార్లు ముంచిన ధీమా ఇదే కాబట్టి ఎక్కువ చోటు దీనికే ఇస్తాను.

అపోహ: ల్యాబ్ రిపోర్టు ఉంటే కేసు నిలవదు

రిపోర్టు ఏ వాక్యానికి సాక్ష్యమో ఆ ఒక్క వాక్యమే నిలుస్తుంది. దాని చుట్టూ మీరు అల్లిన మిగతా పది వాక్యాలూ మీరే రుజువు చేసుకోవాలి. సివిల్ దావాలో నిజం అని నిరూపిస్తే చాలు. క్రిమినల్ కేసులో, అంటే ఒకప్పటి ఐపీసీ 499, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 356 కింద, నిజంతో పాటు అది ప్రజాహితం కోసం రాసిందని కూడా చూపాలి. రెండింట్లోనూ నిజమని చూపాల్సిన బాధ్యత రాసినవాడిదే.

ఏ రిపోర్టు తీసినా అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది: ఈ ఫలితాలు పరీక్షించిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయని. ఆ లైను చదివి వచ్చిన క్లయింటుని నేను ఇంతవరకు చూడలేదు. పరీక్ష జరిగింది ఒక కొట్లో కొన్న ఒక ప్యాకెట్ మీద, ఒక బ్యాచ్ మీద. హెడ్డింగు మాత్రం "ఫలానా కారంలో విషం". ప్యాకెట్‌కీ ఫలానా కారానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే కంపెనీ లాయరు కుర్చీ వేసుకుంటాడు.

అసలు "విషం" అని ఎవరన్నారు? ఆహార భద్రత చట్టం, 2006లో సురక్షితం కానిది వేరు, నాసిరకం వేరు, మిస్‌బ్రాండెడ్ వేరు. శిక్షలూ వేరే. లేబుల్ మీద ఉండాల్సిన వివరం లేకపోయినా సరుకు మిస్‌బ్రాండెడ్ అవుతుంది. ఆ రిపోర్టు చేతికి రాగానే మనవాళ్లు "కల్తీ" అని మొదటి పేజీకి ఎక్కిస్తారు. మందుల్లోనూ అంతే. ప్రమాణాలకు అందనిది వేరు, నకిలీ వేరు. 2024 ఆగస్టు నెలకి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన జాబితా మీద ఎంత గోల జరిగిందో గుర్తుందా? పెద్ద కంపెనీల పేర్లతో వార్తలు వచ్చాయి. ఆ బ్యాచ్‌లు అసలు మేం తయారుచేసినవే కావని, మా పేరుతో ఎవరో చేసిన నకిలీలని వాటిలో కొన్ని కంపెనీలు చెప్పాయి. జాబితాని యథాతథంగా రాసినవాళ్లకి ఇబ్బంది లేదు. "ఫలానా కంపెనీ జనానికి పనికిరాని మందు అమ్ముతోంది" అని సొంతంగా కలిపినవాళ్లకి ఉంది.

ల్యాబ్ ఏదన్నది ఇంకో ప్రశ్న. 2015లో మ్యాగీ మీద నిషేధాన్ని బాంబే హైకోర్టు కొట్టేసింది. కంపెనీ వాదన వినకుండా నిషేధించడం ఒక కారణమైతే, పరీక్ష చేసిన ల్యాబ్‌లకి చట్టం అడిగే అక్రెడిటేషన్ లేకపోవడం మరో కారణం. కోర్టు మళ్లీ మూడు గుర్తింపు ఉన్న ల్యాబ్‌లకి పంపించింది. వాటిలో ఒకటి మన హైదరాబాద్‌దే. సీసం పరిమితి లోపలే ఉందని తేలి సరుకు మార్కెట్‌కి తిరిగొచ్చింది. ప్రభుత్వం చేతిలోని రిపోర్టుకే ఆ గతి పడితే, మీరు తెచ్చిన రిపోర్టుని ఎలా చీలుస్తారో ఊహించుకోండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తు ఉందా అని మాత్రమే చూసి ఊరుకోకండి. మీరు చేయించిన ఆ ప్రత్యేక పరీక్షకి ఆ ల్యాబ్‌కి గుర్తింపు ఉందా అన్నది చూడాలి.

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ తీసిన నమూనా అయినా సరే, ఫుడ్ అనలిస్టు రిపోర్టు మీద కంపెనీకి 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు ఉంది. నమూనాలో ఇంకో భాగం రెఫరల్ ల్యాబ్‌కి, అంటే అప్పీలులో మళ్లీ పరీక్షించే ల్యాబ్‌కి వెళ్లొచ్చు. వార్తలో ఆ ఒక్క ముక్క రాస్తే మీ సద్బుద్ధి కనిపిస్తుంది. ఎవరూ రాయరు.

ఒక జిల్లా విలేకరి సంగతి చెబుతాను. పిల్లలు తినే చిరుతిండి మీద రాశాడు. మంచి ఉద్దేశమే, రిపోర్టూ గట్టిదే. ప్యాకెట్ ఏదయ్యా అంటే పారేశానన్నాడు. బిల్లు తీసుకోలేదు. సరుకుని స్టీలు డబ్బాలో పోసి ల్యాబ్‌కి ఇచ్చాడట! రిపోర్టులో నమూనా వివరం దగ్గర "లూజు, కస్టమర్ ఇచ్చినది" అని ఉంది. బ్రాండు పేరు ఎక్కడా లేదు. నోటీసులో కంపెనీ లాయరు అడిగింది ఒకటే: ఇది మా ప్యాకెట్‌లోదే అని ఎవరు చెప్పారు? చివరికి పత్రిక కంపెనీ వివరణ వేసి, "ఒక నమూనాలో" అని సవరణ ఇస్తే వ్యవహారం దావా దాకా వెళ్లలేదు. అబ్బాయి నిజమే చెప్పాడని ఇప్పటికీ నా నమ్మకం. కోర్టులో నా నమ్మకంతో పనేముంది?

ఇంకోపక్క, చక్కగా చేసినవాళ్లకి ఏమైందో కూడా చూడండి. డబ్బా మీద రాసినంత ప్రోటీన్ లేదని ల్యాబ్ పరీక్షలు చూపిస్తూ వీడియోలు పెట్టిన యూట్యూబర్ల మీద శాన్ న్యూట్రిషన్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో మధ్యంతర ఇంజంక్షన్, అంటే కేసు తేలేదాకా వీడియోల్ని ఆపే ఉత్తర్వు, ఇవ్వడానికి కోర్టు ఒప్పుకోలేదు. మాటలకి వెనక రిపోర్టులు ఉన్నాయి, ఆ మాటలు రిపోర్టుల్ని దాటి పోలేదు. నేను మొత్తుకునేది ఇదే.

కాబట్టి బిల్లు దాచండి. అదే బ్యాచ్‌వి ఇంకో రెండు ప్యాకెట్లు కొని సీలు విప్పకుండా ఉంచండి. ల్యాబ్‌కి సీలుతోనే ఇవ్వండి, రిపోర్టులో బ్రాండు, బ్యాచ్ నంబరు వేయించుకోండి. వార్త వేసేముందు కంపెనీకి ప్రశ్నలు మెయిల్ చేసి, జవాబుకి సరిపడా గడువివ్వండి. వాళ్లు పలక్కపోయినా ఆ మెయిలే మీకు సాక్ష్యం.

ఇంకొకటి. సరుకు గురించి చెప్పడం, కంపెనీని తిట్టడం ఒకటి కాదు. "ఈ నూనెలో ఇది పరిమితి దాటింది" అన్నది సరుకు గురించి. ఆ మాట అబద్ధమనీ, దురుద్దేశంతో అన్నారనీ, దానివల్ల నష్టం జరిగిందనీ చూపాల్సిన భారం చాలావరకు కంపెనీ మీదే ఉంటుంది. "తెలిసే జనం ప్రాణాలతో ఆడుకుంటున్నారు" అన్నది కంపెనీ నడత గురించి. అక్కడ భారం తిరిగి మీ మీద పడుతుంది. వార్త మొత్తం శుభ్రంగా రాసి ఆఖరి పేరాలో ఆవేశపడతారు. నేను చూసిన నోటీసుల్లో అండర్‌లైన్ చేసేది ఆ పేరానే.

అపోహ: 100 కోట్లకి నోటీసు వచ్చిందంటే ఇల్లు అమ్ముకోవాల్సిందే

నోటీసులో ఎన్ని సున్నాలు పెట్టినా కాగితం ఖర్చే. దావా వేసేటప్పుడు మాత్రం అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఢిల్లీ లాంటి చోట పెద్ద మొత్తాలపై అది ఒక శాతం దగ్గర పడుతుంది. అందుకే 100 కోట్ల నోటీసు దావాగా మారేసరికి 2 కోట్లు అవుతుంది, ఒక్కోసారి మాయమే అవుతుంది.

కానీ భయం భయమే, దాన్ని నేను వెక్కిరించను. 2023లో బోర్న్‌విటాలో చక్కెర మీద వీడియో పెట్టిన రేవంత్ హిమత్సింకా లీగల్ నోటీసు రాగానే వీడియో తీసేసి క్షమాపణ చెప్పాడు. ఏడాది తర్వాత కేంద్రమే ఈ-కామర్స్ సైట్లకి ఇలాంటి పానీయాల్ని "హెల్త్ డ్రింక్" వర్గం నుంచి తీసేయమని చెప్పింది. నా సలహా ఒక్కటే: లాయరుకి చూపించేదాకా డిలీట్ చేయొద్దు, సారీ రాయొద్దు. చేసినా, ఒక కాపీ దాచుకుని చేయండి.

అపోహ: కోర్టు సమన్లు వచ్చినా పట్టించుకోకపోతే పోతుంది

పోదు. నోటీసు వేరు, సమన్లు వేరు. మీరు లేనప్పుడు ఏకపక్షంగా ఉత్తర్వు వస్తుంది. హిమాలయా కంపెనీ వేసిన దావాలో 2023లో బెంగళూరు కోర్టు ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇస్తే, వాళ్ల ఉత్పత్తుల్ని విమర్శించిన కాలేయ వైద్యుడు డాక్టర్ సిరియాక్ ఆబీ ఫిలిప్స్ ఎక్స్ ఖాతానే ఆగిపోయింది. హైకోర్టుకి వెళ్లాక షరతుతో తిరిగొచ్చింది. ఇలాంటి ఉత్తర్వు వస్తే 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్–జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది పట్టుకెళ్లండి: విచారణకి ముందే వార్తని ఆపాలంటే అది దురుద్దేశంతో రాసినదో, పచ్చి అబద్ధమో అని కనిపించాలి.

అపోహ: పోలీసులు వచ్చి పట్టుకెళతారు

ఆ చిరుతిండి వార్త రాసిన విలేకరి తల్లి నా టేబుల్ దగ్గర నిలబడే అడిగింది, "వాణ్ని లోపలేస్తారా అమ్మా?" అని. లేదమ్మా. పరువునష్టం నాన్-కాగ్నిజబుల్, బెయిలబుల్: అంటే పోలీసులు తమంతట తాము అరెస్టు చేయలేరు, బెయిలు హక్కుగా వస్తుంది. పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టడానికి లేదు, కంపెనీయే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుని విచారణకి స్వీకరించే ముందే నిందితుడి మాట వినాలి. ఎస్సై పేరు చెప్పి బెదిరించే ఫోన్లని పట్టించుకోకండి.

మిగతావి గబగబా

పేరు రాయకపోతే చాలా? చాలదు. ప్యాకెట్ రంగు చూసి ఊరంతా గుర్తుపడితే పేరు రాసినట్టే.

"ఫార్వార్డెడ్ యాజ్ రిసీవ్డ్" అని పెడితే? అది రక్షణ కాదు. పంచినవాడూ ప్రచురించినవాడే.

కంపెనీకి పరువేంటి? చట్టమే ఉందంటోంది, వాదించకండి.

ఎన్నేళ్ల తర్వాతైనా వేయొచ్చా? సివిల్ దావాకి ప్రచురించిన నాటి నుంచి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకి మూడేళ్లు.

కావాలని వేధించడానికి వేసిన దావా అని తేలితే కంపెనీ నుంచి ఖర్చులు రాబట్టొచ్చా? రాబట్టొచ్చు. మామూలు సివిల్ దావాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఏ కింద పరిహారపు ఖర్చులకి గరిష్ఠ పరిమితి 3,000 రూపాయలు. ఇలాంటి దావాల్ని మొదట్లోనే కొట్టేసే ప్రత్యేక చట్టం మన దేశంలో ఇంకా లేదు.