కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకునే ముందు

అమలాపురం

చిరంజీవులు పెద్దదానికి, చిన్నాడికి తాతయ్య ఆశీస్సులు.

కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుంటామంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అంత డబ్బు పెట్టి కొన్నది ఏమైపోతుందోనని తనకి టెన్షన్. నాకైతే చాలా సంతోషం వేసింది. తొందరపడకుండా వరసలో చేస్తే పాడయ్యేదేమీ లేదని అమ్మకి కూడా చెప్పండి.

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టేనాటికి అతనికి 21 ఏళ్లు. హెల్సింకిలో చదువుకుంటున్నాడు. రాసిన కోడ్‌ని దాచుకోకుండా అందరి ముందూ పెట్టాడు. అంతకుముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అన్న స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ పని ప్రకటించాడు. ఆ రెండూ కలిసినదాన్నే ఇవాళ మీరు ఊరికే దించుకుంటున్నారు. లోపల ఏముందో విప్పి చూసుకునే హక్కు కూడా దాంతోపాటే వస్తుంది. చదువుకునే పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి?

లినక్స్‌లో చాలా రకాలున్నాయి, మొదటిసారి కాబట్టి వాటిలో ఉబుంటు గానీ మింట్ గానీ చాలు. ఉబుంటు ఫైలు ఐదారు జీబీ ఉంటుంది, ఫోన్ డేటాతో కాకుండా ఇంట్లో కేబుల్ నెట్‌తో దించుకోండి. దాన్ని రూఫస్ అనే చిన్న విండోస్ ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ మాత్రం వాడకండి.

పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చేశాక ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూసే వీలుంది. మీరు చెప్తే తప్ప అది డిస్క్ మీద ఏమీ రాయదు. ఒక పూటంతా అలాగే వాడండి. వైఫై దొరుకుతోందా, పాట వినిపిస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా చూడండి. మరీ కొత్త మోడల్ అయితే వైఫై చిప్‌ని గుర్తుపట్టకపోవచ్చు. అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోండి, ఫోన్ నెట్టే ల్యాప్‌టాప్‌కి వస్తుంది.

నేను గట్టిగా చెప్పేది మాత్రం ఇది. ఇప్పుడొచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ మీద తాళం (ఎన్‌క్రిప్షన్) ముందే పడి ఉంటుంది. బూట్ సెట్టింగులు, అంటే ల్యాప్‌టాప్ ఎలా లేవాలో చెప్పేవి, కదిపితే ఒక్కోసారి నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలున్న ఫైళ్లు ఇక రావు. ఆ కీ మొదట లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. షాపులో ఆన్ చేసి ఇచ్చినప్పుడు ఎవరి మెయిల్ పెట్టారో ముందు కనుక్కోండి. కుర్రాడెవరో అప్పటికప్పుడు తయారుచేసిన మెయిల్ అయితే ఇవాళే మీదిగా మార్చుకోండి. కీని కాగితం మీద రాసి అమ్మకివ్వండి. ఆ తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ తాళమే), ఫాస్ట్ స్టార్టప్ (విండోస్‌ని పూర్తిగా ఆపకుండా ఉంచేది) రెండూ ఆపండి. సంతకం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ జోలికి వెళ్లక్కర్లేదు, ఉబుంటు దాంతోనే నడుస్తుంది.

విండోస్ పక్కనే లినక్స్‌కి డిస్క్‌లో చోటు చేయడమంటే చేలో కొత్త గట్టు వేయడమే. విండోస్ భాగాన్ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించి ఓ వంద జీబీ ఖాళీగా వదలండి. ఇన్‌స్టాలర్‌లో డిస్క్ మొత్తం చెరిపేసే ఎంపిక కనిపిస్తుంది, దాని మీద వేలు పడనివ్వకండి. ఈఎఫ్ఐ అన్న చిన్న భాగాన్ని ఫార్మాట్ చేయకండి, రెండు సిస్టమ్‌లూ లేచేది అక్కడినుంచే. అసలు డిస్కే కనిపించకపోతే బయాస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల తెరలో) వీఎండీ అన్న ఇంటెల్ డిస్క్ సెట్టింగ్ కారణం కావచ్చు. దాన్ని మార్చకుండా ముందు నాకు ఫోన్ చేయండి. మన దగ్గర గాలివాన పట్టిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి బ్యాటరీ నిండా ఉన్నప్పుడే కూర్చోండి.

అయ్యాక విండోస్‌లోకి వెళ్తే గడియారం ఒక్కోసారి ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తుంది, కంగారు పడకండి. లినక్స్ లోపలి గడియారాన్ని ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచితే, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది.

సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డ్ కూడా చేర్చుకోండి. అన్ని భాషల అక్షరాలకీ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లో రాసింది ఏ మెషిన్‌లోనైనా చదవగలం. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవి మాత్రం ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి.

ఆదివారం పెన్‌డ్రైవ్‌తో చూశాక వైఫై సంగతి చెప్పండి. రాకపోతే టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టి, వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరస ఫొటో తీసి పంపండి.

మీ తాతయ్య