డైఎలక్ట్రోఫోరెసిస్: అపోహలు - వాస్తవాలు

విద్యుత్ క్షేత్రంతో నీళ్లలోని సూక్ష్మ కణాలను కదిలించడమే డైఎలక్ట్రోఫోరెసిస్. బెంగళూరు ల్యాబుల్లో ఈ పనిలోకి కొత్తగా దిగిన మనవాళ్ల చెయ్యి ముందు వోల్టేజీ నాబ్ మీదకే పోతుంది. ముందు చూడాల్సింది నీళ్లు, ఆ తర్వాత ఫ్రీక్వెన్సీ.

అపోహ: ఛార్జి ఉన్న కణమే కదులుతుంది.

వాస్తవం: ఛార్జి అక్కర్లేదు. విద్యుత్ క్షేత్రం ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా ఉంటే చాలు. నీటికన్నా ఎక్కువ ధ్రువీకరణ చెందే (అంటే క్షేత్రంలో ఒక కొసన ప్లస్, మరో కొసన మైనస్ పోగయ్యే) కణం క్షేత్రం చిక్కగా ఉండే ఎలక్ట్రోడ్ అంచుకు చేరుతుంది, తక్కువైతే దూరం జరుగుతుంది. ప్లస్, మైనస్ తారుమారైనా దిశ మారదు కాబట్టే ఏసీ వాడతాం. 1951లో దీనికి పేరు పెట్టింది హెర్బర్ట్ పోల్.

అపోహ: వోల్టేజీ రెట్టింపైతే, ఎలక్ట్రోడ్లు పైకి నెట్టగా నీళ్లలో తేలే సూక్ష్మమైన పూస రెట్టింపు ఎత్తుకు లేస్తుంది.

వాస్తవం: బలం నాలుగింతలవుతుంది, నిజమే. కానీ పైకి పోయేకొద్దీ క్షేత్రం గబగబా సన్నగిల్లిపోతుంది. దువ్వెన పళ్లలా అల్లుకున్న ఎలక్ట్రోడ్లలో పన్ను 20 మైక్రాన్లు, సందు 20 మైక్రాన్లు అయితే, పూస అదనంగా లేచేది సుమారు 9 మైక్రాన్లే. ఎత్తు కొలవాలంటే ముందు ఎలక్ట్రోడ్ అంచు మీద, తర్వాత పూస మీద ఫోకస్ చేయండి. మైక్రోస్కోపుకు నీళ్లలో ముంచని మామూలు ఆబ్జెక్టివ్ లెన్స్ అయితే, ఫోకస్ నాబ్ చూపిన తేడాను నీటి వక్రీభవన గుణకం 1.33తో హెచ్చవేయాలి. ఇది మరిచిపోయిన రీడింగులు ఎన్నో!

అపోహ: అంచుకు లాగే బలంతోనూ కణాన్ని తేల్చి నిలపొచ్చు.

వాస్తవం: కణం ఎక్కడుందో చూస్తూ వోల్టేజీని సరిచేసే ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్ లేకుండా కుదరదు. దానంతటది నిలిచేది నెట్టే బలంతోనే.

అపోహ: బతికిన ఈస్ట్‌ను, చచ్చిన ఈస్ట్‌ను సెలైన్ (ఉప్పు నీళ్లు)లోనే వేరు చేయొచ్చు.

వాస్తవం: అక్కడే పని చెడుతుంది. సెలైన్‌లో రెండూ అంచు నుంచి దూరమే జరుగుతాయి. పైగా వేడి: 20 వోల్టుల పీక్-టు-పీక్ దగ్గర లెక్కకు 16 డిగ్రీల దాకా పెరగొచ్చు. ఆ వేడికి పుట్టిన ప్రవాహాన్ని చూసి వేరుపడ్డాయని మురిసిపోతారు. 8.5 శాతం చక్కెర, 0.3 శాతం డెక్స్‌ట్రోజ్ కలిపిన డీఅయనైజ్డ్ నీళ్లలో కణాలను సెంట్రిఫ్యూజ్‌తో మూడుసార్లు కడగండి. వాహకత సెంటీమీటరుకు 100 మైక్రోసీమెన్స్ దగ్గరుంటే వేడి 0.1 డిగ్రీకి దిగుతుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర బతికినవి అంచులకు అతుక్కుంటాయి, మిథిలీన్ బ్లూ రంగు పట్టిన చచ్చినవి సందుల్లో ఉండిపోతాయి. చచ్చిన కణాల్లోంచి ఉప్పులు కారుతాయి, అందుకే ఎలక్ట్రోడ్లున్న చిప్‌లో పోసే ముందు వాహకత మళ్లీ కొలవాలి.

అపోహ: బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో కొన్న రాగి పూత సర్క్యూట్ బోర్డును ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగించి ఎలక్ట్రోడ్లు చేసుకుంటే చాలు.

వాస్తవం: చూపించడానికి సరే. సందుతో పాటు పన్ను కూడా 200 మైక్రాన్లయితే అదే వోల్టేజీకి బలం వెయ్యో వంతు. ఫ్రీక్వెన్సీ మరీ తగ్గిస్తే బుడగలొస్తాయి, రాగి కరుగుతుంది.